ఎండటోపి

వేసవి సెలవులు వచ్చినతోడనే అనేక కుటుంబములు విహారయాత్రలకు బయలుదేరును. తెలుగునాట మే మాసమున ఎండ 40 డిగ్రీలు దాటుట సామాన్యము. ఆరోగ్యవంతుని శరీరోష్ణము సుమారు 37 డిగ్రీలు. ఎండదెబ్బ తగిలినవానికి అది 40 డిగ్రీలను మించవచ్చును. అప్పుడు మతి తప్పును, స్పృహ పోవును, తగిన చికిత్స వెంటనే జరుగనిచో ప్రాణమునకే ముప్పు వాటిల్లును. కావున యాత్రికునకు తాగునీరు ఎంత ముఖ్యమో, తలపై నీడయు అంత ముఖ్యము.

పొలమున పనిచేయు రైతు తలపాగ చుట్టుకొనును. నేటి యాత్రికులలో పలువురు వెడల్పైన అంచుగల టోపిని ధరించుచున్నారు. ముందు మాత్రమే అంచుగల టోపి ముఖమునకు నీడనిచ్చును గాని చెవులను, మెడను కాపాడజాలదు. చుట్టును అంచుగల ఎండటోపి మూడింటిని కాపాడును. అయినను బయట గుణమైన ఆ వెడల్పే లోపల దోషమగును.

ఇందుకు హైదరాబాదు యాత్రయే చక్కని నిదర్శనము. ఉదయము గోలకొండ కోట చూడబోయినవారు బాలాహిస్సారు శిఖరమువరకు మెట్లెక్కుదురు. అచ్చట ఎండటోపి ప్రాణమిత్రుడు. మధ్యాహ్నమునకు వారే మూసీనది దక్షిణపుటొడ్డున నున్న సాలార్‌జంగు మ్యూజియమునకు వత్తురు. మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖాన్ తన జీవితమంతయు వెచ్చించి సేకరించిన వస్తువులే అందు పెక్కు. ఆయన 1949లో మరణించెను. 1951లో జవహర్‌లాల్ నెహ్రూ ఈ ప్రదర్శనశాలను ప్రారంభించెను. 1968లో అది ఇప్పటి భవనమునకు మారినది.

అందలి వాద్యగడియారము పిల్లలకు మిక్కిలి ప్రియమైనది. గంట కాగానే ఒక చిన్న బొమ్మ వెలుపలికి వచ్చి, ఎన్ని గంటలైనదో అన్నిమార్లు ఘంట మ్రోగించి, లోనికి పోవును. ఆ వింత చూచుటకు జనులు ముందుగనే గుమిగూడుదురు. ముందు వరుసలో నిలిచినవాడు ఎండటోపి తీయలేదనుకొనుడు. వాని వెనుకనున్న చిన్నపిల్లకు టోపి యంచు తప్ప మరేమియు కనబడదు. బొమ్మ వచ్చి పోవుట క్షణకాలపు ముచ్చట. దూరపు ఊరినుండి వచ్చిన ఆ పిల్ల మరల ఎప్పటికి రాగలదో! తనకు బరువుకాని వస్తువు ఇతరుల ఆనందమునకు అడ్డుగోడ యగుట వానికి తెలియనైనను తెలియదు.

అచ్చటనే ఒకే కొయ్యనుండి చెక్కిన జంటశిల్పము కలదు. ముందువైపు మెఫిస్టాఫిలిస్ అను పురుషుడు, వెనుకవైపు మార్గరెట్టా అను స్త్రీ కనబడుదురు. వెనుకటి రూపము అద్దమున చూడవలయును. నడుమ ఒక టోపి అడ్డుపడినచో ఆ శిల్పి నేర్పులో సగము మరుగైపోవును.

ఇంతకంటె పెద్ద ప్రమాదము వేరొకటి కలదు. తన తల ఎంతవరకు ఉన్నదో ప్రతివానికి తెలియును. టోపి యంచు ఎంతవరకు ఉన్నదో తెలియదు. గాజుపెట్టెలోని పింగాణి పాత్రను చూచుటకు వంగినపుడు అంచు గాజునకు తగులును. తాడుతో వీపున వ్రేలాడవేసికొన్నను, వెనుదిరిగినపుడు అది ఊగి ప్రక్కనున్న వస్తువును తాకవచ్చును. ఏండ్ల తరబడి నిలిచిన కళాఖండము పగులుటకు ఒక్క క్షణము చాలును. దానిని మరల సృష్టింప నెవ్వరితరము?

అజంతా గుహలలో ఈ జాగ్రత్త మరింత అవసరము. 1956వరకు హైదరాబాదు రాష్ట్రమున నుండిన ఆ ప్రదేశము నేడు మహారాష్ట్రములో నున్నది. గుహ వెలుపల రాయి కాలుచుండును. లోపల వెలుతురు స్వల్పము. టోపి నీడ కన్నులను మరింత కప్పుటచే యాత్రికుడు గోడకు దగ్గరగా జరుగును. అచ్చటి చిత్రములు మట్టిపూతపై వేసినవి. వాటిని అంచు రాచుకొనినచో రంగు రాలును.

కావున ద్వారముకడనే టోపి తీయవలయును. గుడ్డటోపియైనచో మడచి సంచిలో ఉంచుకొనవచ్చును. గడ్డితో అల్లిన టోపిని మడచినచో విరుగును. దానిని సామాను భద్రపరచు గదిలో ఒప్పగించుట మేలు. ఆ వసతి లేనిచో రెండు చేతులతో రొమ్మునకు ఆనించి పట్టుకొనవలయును. క్రింద పెట్టునపుడు అంచు నేలకు ఆనక, నడినెత్తి భాగము క్రిందుగా ఉంచినచో దాని ఆకారము చెడదు. పరిహాసమునకైనను దానిని శిల్పముల తలపై పెట్టరాదు.

ప్రార్థనాస్థలములలో ఆచారములు వేరు. క్రైస్తవ దేవాలయమున పురుషులు టోపి తీయుదురు. గురుద్వారమున స్త్రీపురుషులందరు తలను వస్త్రముతో కప్పుకొందురు. అచ్చట టోపి తీసి రుమాలు కట్టుకొనవలయును. ఒకచోట తల కప్పుట, మరియొకచోట తల విప్పుట గౌరవమునకు గుర్తులు. ఏది తగునో తెలియనిచో అచ్చటివారిని వినయముతో అడుగుట మంచిది.

లోపల తీసిన టోపిని బల్లపై మరచిపోవువారును కలరు. అట్టివారు వెలుపలికి వచ్చి మండుటెండలో చిక్కుకొందురు. టోపి లోపలివైపు పేరు వ్రాసికొనుట, బయలుదేరుటకు ముందు కూర్చున్న చోటును ఒకమారు చూచుకొనుట మంచి అలవాట్లు.

ఎండలో టోపి తన్ను కాపాడుటకు. నీడలో దానిని తీయుట పరులకు దారి యిచ్చుటకు. ఈ రెండును తెలిసినవాడే మంచి యాత్రికుడు.