లదోగా సరస్సు

ఐరోపాఖండమందలి సరస్సులలో నెల్ల పెద్దది లదోగా. రష్యాదేశపు వాయవ్యభాగమున, ఫిన్లండు సరిహద్దునకు చేరువగా నున్న యీ మంచినీటి సరస్సు వైశాల్యము సుమారు 17,700 చదరపు కిలోమీటర్లు. విద్యార్థులు పటములో దీనిని నీలిరంగు మచ్చగా జూచి విడిచిపెట్టుదురు. అట్టి పటము వెడల్పును జూపును గాని లోతును జూపదు. ఈ సరస్సు చరిత్రమును దెలిసికొనుటకు దాని లోతే ముఖ్యమని మేము తలంచుచున్నాము.

ఉత్తరతీరము కఠినమైన రాతినేల. పూర్వమొకప్పు డా ప్రాంతము నెల్ల గప్పియుండిన హిమరాశి కదలుచు రాతిని దొలిచివేయుటచే నచ్చట నిటారైన గట్లును, ఇఱుకైన నీటిపాయలును, అనేక ద్వీపములును ఏర్పడినవి. అచ్చట లోతు 230 మీటర్ల వఱకు గలదు. దక్షిణమునకు వచ్చుకొలది అడుగు మెల్లగా మెఱకయగును. తీరమున నీరు చాలచోట్ల కొలది మీటర్లే. స్విర్, వోల్ఖొవ్, వూక్సా నదులు దీనిలో గలియును. వెలుపలికి బోవునది నేవా యొక్కటియే. అది 74 కిలోమీటర్లు ప్రవహించి, సెంట్ పీటర్స్‌బర్గ్ నగరముచెంత ఫిన్లండు సింధుశాఖలో బడును. హిమరాశి తొలగిన పిమ్మట సముద్రమునుండి విడివడి యిందు జిక్కుకొనిన సీలుజాతి యొకటి నేటికిని ఈ మంచినీటిలోనే జీవించుచున్నది.

శరత్కాలపు గాలులకు, లోతులేని దక్షిణభాగమున అలలు ఒకదాని వెంట నొకటి నిటారుగ లేచును. సరకులు దెచ్చు పడవ లెన్నియో యిచ్చట మునిగినవి. అందుచే పీటరు చక్రవర్తి 1719లో తీరము వెంబడి కాలువ ద్రవ్వింప నారంభించెను. అంత నీరు ప్రక్కనే యుండగా మఱల కాలువ యేల యని కొందఱు నవ్వవచ్చును. పడవవారు మాత్రము నవ్వియుండరు. చక్రవర్తి 1725లో మరణించెను. కాలువ 1731లో ముగిసెను.

లోతులేని నీరు శీతకాలమున ముందుగా గడ్డకట్టును. 1941 సెప్టెంబరు 8వ తేదీ నాటికి జర్మను సైన్యము దక్షిణమునను, ఫిన్లండు సైన్యము ఉత్తరమునను నిలువగా, నాడు లెనిన్‌గ్రాడ్ అని పేరుగల ఆ నగరమునకు నేలదారులన్నియు మూసికొనిపోయెను. మిగిలినది సరస్సొక్కటియే. నవంబరు 20 నుండి పిల్లలకు దినమునకు 125 గ్రాముల రొట్టె మాత్రమే దొరకెను. అందును మంచిపిండి కొంతయే. ఆ దినముననే గుఱ్ఱములు లాగు జారుబండ్లు నైరుతిమూలను మంచుమీదుగ బయలుదేఱెను. 22వ తేదీన లారీలు నడచినవి. మంచుపై దారి సుమారు 30 కిలోమీటర్లు.

బరువే కాక వేగము గూడ మంచును బగులగొట్టునని యచ్చటి భౌతికశాస్త్రజ్ఞులు పరిశీలించి తెలిసికొనిరి. లారీ నడచునప్పుడు మంచుపలక కొంచెము వంగి, క్రిందినీటిలో నొక యలను బుట్టించును. ఆ యల వేగము నీటిలోతును బట్టియుండును. లారీవేగ మా యలవేగముతో సమానమైనచో వంపు మిక్కుటమై మంచు పగులును. ఆ దారిలో నట్టి వేగము గంటకు సుమారు 35 కిలోమీటర్లు. మంచు విఱిగినచో వెంటనే దూకుటకై డ్రైవర్లు తలుపులు తెఱచియే నడపుచుండిరి.

1942 ఏప్రిలు వఱకు ఈ దారిని అయిదులక్షలకు పైగా జనులు నగరము వెడలిరి. ఆకలిచే నగరముననే మరణించినవారును లక్షలకొలది. ముట్టడి 1944 జనవరి 27న ముగిసెను.

లారీలు మంచుపైకి దిగినచోట 1966లో రెండు అర్ధవలయములవంటి కమానులు నిర్మింపబడినవి. వాని కొనలు కలియవు. నడిమి సందునుండి సరస్సు కనబడును. నేలపై కాంక్రీటులో అచ్చొత్తిన లారీచక్రముల జాడలు నీటివైపునకు బోవుచున్నవి.