ఒకటి విడిచి ఒకటి

చిరంజీవి బుజ్జికి,

నీ మెసేజ్ చూశాను. సెమినార్‌కి ఫోల్డమర్లు తీసుకున్నావనీ, మడత పడటం వరకూ అర్థమైందనీ, ఆ పైన "ఇవి వాటంతటవే కూడి పెద్ద కట్టడాలవుతాయి" అన్న వాక్యం దగ్గర బండి ఆగిపోయిందనీ రాశావు. ఆగాల్సిన చోటే ఆగావు. ఆ మాట అనేసి ముందుకు సాగిపోయేవాళ్ళే ఎక్కువ. ఫోన్లో చెబితే ఊఁ కొట్టి మర్చిపోతావని కాగితం మీద పెడుతున్నాను.

పుట్టుక సంగతి నీకు తెలిసిందే కాబట్టి రెండు ముక్కల్లో ముగిస్తాను. ప్రోటీన్లలో ఉండే అమైనో ఆమ్లానికి వెన్నులో ఒక కార్బన్ అదనంగా చేరిస్తే అది బీటా అమైనో ఆమ్లం. వెన్ను సాగితే గొలుసుకి ఊగులాట ఎక్కువవుతుంది, ఇక ఒక రూపంలో నిలబడదు అనుకోవడం సహజం. 1996లో విస్కాన్సిన్‌లో శామ్యూల్ గెల్మన్ బృందం, జ్యూరిక్‌లో డీటర్ సీబాక్ బృందం విడివిడిగా ఆ అనుమానం తీర్చేశాయి. పొట్టి పొట్టి బీటా గొలుసులు కూడా చక్కటి హెలిక్సులుగా చుట్టుకున్నాయి. ఇలా మడతపడే కృత్రిమ గొలుసులన్నిటికీ ఫోల్డమర్లన్న పేరు గెల్మన్ 1998 నాటి వ్యాసంతో స్థిరపడింది.

ఇక నీ ప్రశ్న. కిటుకంతా ముక్కల వరసలో ఉంది. బీటా పెప్టైడ్ చుట్టుకునే ఒక రకం హెలిక్సులో చుట్టుకి ఇంచుమించు మూడు ముక్కలు పడతాయి. అంటే గొలుసులో ప్రతి మూడోదీ హెలిక్సుకి ఒకే పక్కకి వస్తుంది. నువ్వు మూడింటికొకటి చొప్పున నూనె స్వభావం ఉన్న పక్క గొలుసు పెట్టావనుకో, మడత పడగానే హెలిక్సుకి నిలువునా నీళ్ళంటే గిట్టని ముఖం ఒకటి ఏర్పడుతుంది. యేల్ విశ్వవిద్యాలయంలో అలానా షెపార్ట్జ్ బృందం చేసింది అదే. పన్నెండు ముక్కల గొలుసు, ఒక ముఖాన ల్యూసిన్ తరహా పక్క గొలుసులు, మిగతా ముఖాల మీద ఎక్కువగా ధన, రుణ ఆవేశాలున్నవి. 2007లో స్ఫటికం తీసి చూస్తే ఎనిమిది హెలిక్సులు ఒక గుత్తిగా కూడి ఉన్నాయి. నూనె ముఖాలన్నీ నడిమధ్యకి దూరి నీటికి కనబడకుండా దాక్కున్నాయి. ఈ గొలుసుల ద్రావణాన్ని బాగా పలచన చేస్తే గుత్తి విడిపోయి దేనికది విడి గొలుసు అయిపోతుంది. మడతకీ కూడికకీ తేడా ఇక్కడే పట్టుకోవాలి. మడత ఒక గొలుసు సొంత వ్యవహారం. కూడడానికి మాత్రం పక్కన తనలాంటివి చాలినన్ని ఉండాలి.

నాకు అన్నిటికన్నా నచ్చిన కథ పెప్టాయిడ్లది. వీటిలో పక్క గొలుసు కార్బన్ మీద కాకుండా నత్రజని మీద ఉంటుంది. దాంతో వెన్నులో హైడ్రోజన్ బంధాలు కట్టే ఎన్‌హెచ్ ఉండదు, హెలిక్సుని పట్టి ఉంచే మామూలు కొక్కెం పోయినట్టే. ప్రోటీన్లని కోసే ఎంజైములు మాత్రం వీటి జోలికి పెద్దగా రావు. తయారీ కూడా తేలిక. రాన్ జకర్‌మన్ బృందం 1992లో చూపిన పద్ధతిలో రెండే అడుగులు. రెజిన్ పూసల మీద బ్రోమోఎసిటిక్ ఆమ్లం తగిలించడం, తర్వాత నీకు నచ్చిన ఎమీన్‌తో ఆ బ్రోమిన్‌ని తొలగించడం. మళ్ళీ అదే, మళ్ళీ అదే. అదే జకర్‌మన్ బర్క్‌లీ ప్రయోగశాలలో సహచరులతో కలిసి ముప్పై ఆరు ముక్కల గొలుసులు కట్టాడు. ఒకటి విడిచి ఒకటి ఫినైల్ వలయమున్న ముక్క, మధ్యమధ్య ఆవేశమున్న ముక్క. 2010లో వాటి నుంచి రేకులు వచ్చాయి. మందం సుమారు 3 నానోమీటర్లు, వెడల్పు వందల మైక్రాన్ల దాకా. నైల్ రెడ్ రంగు వేస్తే ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోపు కింద మెరుస్తూ కనబడతాయి.

ఆ రేకు ఎలా పుడుతుందో చూడు. పెప్టాయిడ్ కరిగించిన నీళ్ళు చిన్న గాజు వయల్లో పోసి, మూత బిగించి, అడ్డంగా పడుకోబెట్టాలి. నీటికీ గాలికీ నడుమ ఉపరితలం వయల్ నిడివంతా పరుచుకుంటుంది. గొలుసులు మెల్లగా అక్కడికి చేరతాయి. ఫినైల్ వలయాలకి నీళ్ళు పడవు, ఆవేశాలకి నీళ్ళు లేనిదే గడవదు, రెంటికీ ఒకేసారి కుదిరే చోటు అదొక్కటే. వలయాలు గాలివైపు, ఆవేశాలు నీటివైపు పెట్టుకుని ఒక పొర కడతాయి. ఇప్పుడు వయల్ని నిలబెట్టు. ఉపరితలం కాస్తా చిన్న గుండ్రానికి కుంచించుకుపోతుంది, అంత పొరకి చోటు చాలదు. పాలగిన్నె వంచినప్పుడు మీగడ ముడతపడి జారినట్టు పొర మడతపడి నీళ్ళలోకి దిగుతుంది. దిగేటప్పుడు వలయాల వైపులు రెండూ ఒకదానికొకటి అతుక్కుపోయి, ఆవేశాలు బయటికి నిలుస్తాయి. అదే రేకు. వయల్ని మళ్ళీ పడుకోబెట్టినా అది విడిపోదు. పైగా కొత్త పొర కట్టుకుంటుంది, నిలబెడితే మరికొన్ని రేకులు. గిర్రున కలియతిప్పితే ఈ పని సరిగా జరగదు. 2011లో ఈ సంగతి రాసిన వ్యాసానికి "కుదపాలి, కలపకూడదు" అన్న జేమ్స్ బాండ్ మాటనే శీర్షికగా పెట్టుకున్నారు. శాస్త్రవేత్తలకీ సరదాలుంటాయి మరి.

కాబట్టి "వాటంతటవే" అన్నది సగం నిజం. వరస రాసింది మనిషి, తోసింది నీళ్ళు, పొరని నొక్కింది వయల్ని నిలబెట్టిన చెయ్యి. అణువు చేసిందల్లా తనకి కుదిరే చోటు వెతుక్కోవడం.

ఇంకో చిత్రం ఉంది. కొక్కెం లేని ఈ గొలుసు రేకులో తిన్నగా ఎలా పడుకుంది? 2015లో వచ్చిన జవాబు ఏమిటంటే, పక్కపక్క ముక్కలు ఎదురెదురు దిశలకి మెలితిరుగుతాయి, ఒకదాని మెలికని ఇంకోటి సరిచేస్తుంది, మొత్తం మీద గొలుసు మెలికే లేకుండా సాగుతుంది. 1963లో మద్రాసులో జి.ఎన్.రామచంద్రన్ వాళ్ళు గీసిన వెన్ను మెలిక కోణాల పటం గురించి నువ్వు చదివావు కదా. ప్రోటీన్ హెలిక్సులో ముక్కలన్నీ ఆ పటంలో ఒకే ప్రాంతంలో గుమిగూడతాయి. ఇక్కడ ఒకటి అటు, ఒకటి ఇటు.

ఇలాంటి మాటే మన తార్నాకలోనూ దొరుకుతుంది. రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో జి.వి.ఎం.శర్మ, ఎన్ఎంఆర్ వైపు ఎ.సి.కున్వర్, వాళ్ళ సహచరులు చక్కెర తగిలించిన బీటా అమైనో ఆమ్లాలని ఒకటి కుడి వాటం, ఒకటి ఎడమ వాటం చొప్పున మార్చి మార్చి గుచ్చారు. పది, పన్నెండు పరమాణువుల వలయాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చే గట్టి మిశ్రమ హెలిక్సు వచ్చింది. 2003లో అమెరికన్ కెమికల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. అది మడత కథే, కూడిక కథ కాదు, నీ సెమినార్‌లో రెండూ కలిపెయ్యకు. కానీ హైదరాబాదులో చదువుతూ బర్క్‌లీ గురించి చెప్పి తార్నాక ఊసెత్తకపోతే బాగుండదు.

బొమ్మలు నెట్‌లోంచి దించకు. గ్రాఫ్ కాగితం మీద ముప్పై ఆరు గళ్ళు గీసి, వలయాలకి ఒక రంగు, ఆవేశాలకి ఇంకో రంగు వేసి, అక్కడి నుంచి పొర, పొర నుంచి రేకు నీ చేత్తోనే గీయి. ఎక్కడ చిక్కుపడితే అక్కడ ఫొటో తీసి నాకు పంపు.

ఇట్లు
పెదనాన్న