సహాధ్యాయి మూల్యాంకనం: ప్రమాణాల పదజాలం, మార్కుల కచ్చితత్వం

వేలాదిమంది చేరే ఆన్‌లైన్ కోర్సులలో బహుళైచ్ఛిక ప్రశ్నలను కంప్యూటరు దిద్దగలదు. ఒక గ్రామానికి రూపొందించిన విస్తరణ ప్రణాళికకు ముందుగా నిర్ణయించిన సమాధానం ఉండదు. అన్నింటినీ అధ్యాపకులే చదవడమూ సాధ్యం కాదు. అందుచేత విద్యార్థులే పరస్పరం మార్కులు వేసుకొనే పద్ధతి వాడుకలోకి వచ్చింది. ఆ మార్కులపై ధ్రువపత్రం ఆధారపడినప్పుడు వాటి కచ్చితత్వాన్ని పరీక్షించవలసి ఉంటుంది.

2012లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుండి స్కాట్ క్లెమ్మర్ కోర్సెరా వేదికపై బోధించిన మానవ-కంప్యూటర్ పరస్పర చర్య కోర్సు ఇందుకు మంచి ఉదాహరణ. విద్యార్థులు ముందుగా అధ్యాపక బృందం దిద్దిన నమూనాలపై సాధన చేసి, తరువాత ఇతరుల పనికి, చివరకు తమ పనికి మార్కులు వేసేవారు. రెండవ విడతలో 42.9 శాతం మంది మార్కులు బృందం వేసిన మార్కులకు 5 శాతం లోపు, 65.5 శాతం మంది మార్కులు 10 శాతం లోపు వ్యత్యాసంతో ఉన్నవి. అనగా దాదాపు మూడవ వంతు మందికి తేడా పది శాతాన్ని మించినది. ఉత్తీర్ణత గీత వద్ద ఉన్న విద్యార్థికి ఇది చిన్న విషయం కాదు.

తమ పనికి తాము సగటున 7 శాతం, స్వదేశీయుల పనికి 3.6 శాతం ఎక్కువ మార్కులు వేసుకొన్నారు. మన జిల్లాల మధ్య కూడా ఇట్టి మొగ్గు ఉన్నదేమో పరిశీలించదగినది. మార్కులు ఎక్కువగా వేస్తున్నారో తక్కువగా వేస్తున్నారో విద్యార్థికి తెలియజేయగా తదుపరి మూల్యాంకనం మెరుగుపడినది.

అయితే దోషమంతా విద్యార్థులదే కాదు. మార్కులలో అధిక భేదం కనిపించిన ప్రమాణాలను గుర్తించి, వాటి వాక్యాలను సందిగ్ధత లేకుండా, ఒకే నిర్మాణంలో తిరిగి వ్రాయగా మధ్యగత దోషం 12.4 నుండి 9.9 శాతానికి తగ్గినది. "ప్రణాళిక రైతులకు ఉపయుక్తంగా ఉన్నదా?" అన్న ప్రశ్నను ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా అర్థం చేసుకొంటారు. "నీటి వనరు, పెట్టుబడి, కూలీల లభ్యతలకు ఆ గ్రామ గణాంకాలు చూపబడినవా?" అన్నప్పుడు ఆ అవకాశం తక్కువ. కానీ లెక్కకు అందే అంశాలే ప్రమాణాలైతే, గణాంకాలు నింపిన నిస్సారమైన ప్రణాళికకు కూడా మంచి మార్కులు రావచ్చును. కనుక సమగ్ర అభిప్రాయానికి ఒక ప్రమాణం విడిగా ఉంచి, దానికి తక్కువ భారం ఇవ్వడం ఉచితం. మూల్యాంకకుల మార్కులు బాగా విభేదించిన పత్రాలను మాత్రం అధ్యాపకులే స్వయంగా చదవాలి.