జరగని మీటింగులో ఎవరు మాట్లాడారు?

సమస్య:

మాది నెల్లూరు జిల్లాలో ఒక పల్లె. పదకొండేళ్లుగా మా పొదుపు సంఘానికి నేనే లీడర్ని. పదిమందిమి ఉన్నాం. ఇన్నేళ్లలో ఒక్క కంతు ఆలస్యం కాలేదని బ్యాంకులోనూ వెలుగు ఆఫీసులోనూ మాకు మంచి పేరు. రెండేళ్ల కిందట బ్యాంకు 10 లక్షల లోను ఇస్తే మనిషికి లక్ష చొప్పున పంచుకున్నాం. మా ఆడబిడ్డ కూడా ఈ సంఘంలోనే ఉంది. గేదెలు కొంటామని తీసుకున్న లక్షా వాళ్లాయన రొయ్యల గుంట కౌలుకు పెట్టాడు. జబ్బు తగిలి పంట పోయింది. ఐదు నెలల నుంచి ఆమె కంతు, నెలకు 3,200, నేనే పాల డబ్బుల్లోంచి కడుతున్నాను. 'ఇంటి పరువు, బయట చెప్పబాక' అంటుంది మా అత్త.

మీటింగు పెడితే ఎవరైనా అడుగుతారని భయమేసి మీటింగులే మానేశాను. మినిట్స్ పుస్తకం ఇంట్లో రాయించి, ఇంటింటికీ తిప్పి సంతకాలు పెట్టిస్తున్నాను. నా రాత బాగుండదని తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి చేత రాయిస్తాను. మొన్న కూడా 'అమ్మా, ఈసారి ఎవరెవరు మాట్లాడినట్టు రాయమంటావు?' అని అడిగి రాసిపెట్టింది.

ఇప్పుడు నన్ను గ్రామ సంఘానికి అధ్యక్షురాలిగా నిలబడమంటున్నారు. నలుగురిలో మాట్లాడాలంటే నాకు కాళ్లు వణుకుతాయి. నెల్లూరులో ఎవరో నాయకత్వం, వ్యక్తిత్వ వికాసం మీద రెండు రోజులు క్లాసులు చెబుతారట, ఫీజు 4,500. చేరమంటారా? నాయకురాలికి కావలసిన గట్టి వ్యక్తిత్వం నాకు ఎలా వస్తుంది?

– ఒక సోదరి

సలహా:

అమ్మా,

క్లాసులు వద్దు. ఆ 4,500 దాచుకోండి. పదిమంది చేత ఇన్నేళ్లు వాయిదాలు తప్పకుండా కట్టించిన మనిషికి నాయకత్వం గురించి రెండు రోజుల్లో కొత్తగా నేర్పేదేమీ ఉండదు. కాళ్ల వణుకు నాలుగుసార్లు మాట్లాడితే పోతుంది. 'ఇకమీదట నీ కంతు నేను కట్టలేను' అని ఆడబిడ్డకు చెప్పాలని మీకూ తెలుసు. ఇవి చెప్పడానికే అయితే నేనీ జవాబు రాసేదాన్ని కాదు.

మీ అమ్మాయి అడిగిన మాట దగ్గర ఆగిపోయాను. 'ఈ మీటింగు ఎప్పుడు జరిగింది?' అని అది అడగలేదు చూశారా. ఆ ప్రశ్న ఐదు నెలల కిందటే అడిగి ఉంటుంది. 'నీకెందుకు, రాయి' అని మీరు అని ఉంటారు. ఇప్పుడు దానికి అలవాటైపోయింది. రానివాళ్లు వచ్చినట్టు, మాట్లాడనివాళ్లు మాట్లాడినట్టు గుండ్రటి అక్షరాలతో రాసేస్తోంది. పదిమందికి పెద్దగా ఉండడమంటే ఇలాగే ఉంటుంది కాబోలని మిమ్మల్ని చూసి నేర్చుకుంటోంది. మీ మీద జాలి ఉంది గానీ, నాకు ముందు కోపమే వచ్చిందమ్మా.

మీది ఏ జిల్లా? 1991లో అక్షరాస్యతా ఉద్యమం ఊరూరా తిరిగిన జిల్లా. పగలు కూలికి పోయి, రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు దూబగుంటలో సారా దుకాణం మూయించారు. ఆ ఊరి రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు సారా వేలంపాటలు జరగనివ్వలేదు. చివరికి 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం రాష్ట్రమంతా సారాను నిషేధించక తప్పలేదు. సారాకు పోయే డబ్బులో రోజుకు రూపాయి మిగుల్చుకుందామని వాళ్లు మొదలుపెట్టిన పొదుపే మీ సంఘాలకు పునాది. వాళ్లలో ఎవరూ వ్యక్తిత్వ వికాసం క్లాసుకు వెళ్లలేదు. మొగుడు తాగొచ్చి కొడుతున్నాడన్న సంగతి, పరువు పోతుందని దాచుకోకుండా పదిమందిలో చెప్పుకున్నారు. అలా చెప్పుకున్నాకే దుకాణం ముందుకు వెళ్లగలిగారు. ఆ జిల్లాలోనే ఇప్పుడు మీ ఇంట్లో అక్షరం ఏ పనికి వస్తోందో చూడండి.

బ్యాంకు మీకు 10 లక్షలు ఏ తనఖా లేకుండా ఇచ్చింది. పొలం కాగితాలు అడగలేదు, బంగారం అడగలేదు. మీ మినిట్స్ పుస్తకాన్ని నమ్మి ఇచ్చింది. మీటింగులు, పొదుపు, లోపలి అప్పులు, వాయిదాలు, లెక్కల పుస్తకాలు క్రమం తప్పకూడదన్న పంచసూత్రాలు మీకు నేను చెప్పక్కర్లేదు. మీ సంఘంలో వాటిలో మొదటిదీ చివరిదీ పోయాయి. మిగతా ఎనిమిదిమంది సంగతి ఆలోచించారా? ఈ అప్పుకు పదిమందీ పూచీ. రేపు మీ గేదె వట్టిపోయి మీరు కట్టలేకపోతే సంఘమంతా బాకీ పడుతుంది. సకాలంలో కట్టే సంఘాలకు వచ్చే వడ్డీ రాయితీ పోతుంది. భారమంతా ఒక్కదాన్నే మోస్తున్నానని మీరనుకుంటున్నారు. వాళ్ల మెడకు చుట్టుకోబోయేదాన్ని వాళ్లకే తెలియనివ్వకుండా సంతకాలు పెట్టిస్తున్నారు. మీ మొహం చూసి, పేజీ చదవకుండా సంతకం పెట్టిన మనిషి, రేపు నిజం తెలిస్తే మీ గుమ్మం తొక్కుతుందా?

ఇక మీ అత్తగారి మాట. ఇంటి పరువు! మన ఇళ్లలో ఈ పరువు ఖర్చంతా కోడలి చేతిలోంచే పోతుంది. కూతురి అప్పు దాచాలి, అల్లుడి పొరపాటు దాచాలి, కొడుకు తాగుడు దాచాలి. దాచడానికి కావలసింది కోడలి పాల డబ్బులు, కోడలి నగలు, కోడలి మౌనం. ఐదు నెలల్లో 16,000 పోశారు. 'నా చెల్లెలి బాకీ సంగతి నేను చూస్తాను' అని మీ ఆయన ఒక్కసారైనా అన్నాడా? ఉత్తరంలో ఆయన ఊసే లేదు. పోనీ, ఇంత దాచినందుకు మీ ఆడబిడ్డకైనా మేలు జరిగిందా? పంట పోయిందని ఆమె సంఘంలో చెప్పుకుని ఉంటే, కొన్నాళ్లు పొదుపు డబ్బులోంచి సర్దుబాటు చేసో, మరోలాగో ఆ ఎనిమిదిమందీ ఏదో దారి చూసేవారు. సంఘం పెట్టుకున్నదే అందుకు. మీరూ మీ అత్తగారూ కలిసి ఆమెకు ఆ దారి మూసేశారు.

అధ్యక్షురాలి పదవికి ఇప్పుడు నిలబడకండి. ఊళ్లో సంఘాలన్నీ మీ మాట వినాలి. ఇంకో లీడరు ఇలాగే ఇంట్లో రాసుకొస్తే ఏ నోటితో అడుగుతారు? ముందు మీ పుస్తకం సరిచేసుకోండి.

ఈ నెల మీటింగు ఎప్పుడూ కూర్చునే చోటే పెట్టండి. ముందు రోజే ఆడబిడ్డ ఇంటికి వెళ్లి, 'రేపు నేను చెప్పేస్తున్నాను, నీ అంతట నువ్వే చెబితే ఇంకా మంచిది' అనండి. మీటింగులో ఆ ఐదు నెలల పేజీలూ తెరిచి, ఇవేవీ జరగలేదని చెప్పండి. అరుస్తారు. ఒకరిద్దరు అనరాని మాటలూ అంటారు. వినండి. అమ్మాయిని కూడా వెంట తీసుకెళ్లి పక్కన కూర్చోబెట్టుకోండి. ఎవరు ఏమంటే అది అన్నట్టే రాయమనండి, మిమ్మల్ని తిట్టిన తిట్లతో సహా.