పుస్తకం అచ్చయ్యాక ఫోనుతో చేయాల్సిన పని

సొంత ఖర్చుతో పుస్తకం వేసుకునే రచయితకి ప్రెస్సు బిల్లు కట్టేసరికే చేయి ఖాళీ అవుతుంది. మిగిలిన కాస్తా ఆవిష్కరణ సభకి పోతుంది: హాలు అద్దె, ఫ్లెక్సీ, శాలువాలు, మెమెంటోలు, టిఫిన్లు. సభ ముగిసిన మర్నాడు చూసుకుంటే, వేసిన 500 కాపీల్లో 400 పైచిలుకు అట్టపెట్టెల్లోనే ఉంటాయి.

అప్పుడు ఫేస్‌బుక్ గుర్తొస్తుంది. ముఖచిత్రం పెట్టి, 'మిత్రులారా, నా కొత్త పుస్తకం వచ్చింది, ఆదరించండి' అని రాస్తారు. వందల్లో అభినందనలు వస్తాయి, కొనేవాళ్ళు మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టేంత మంది. తెలుగులో పాఠకులే లేరని నిట్టూరుస్తాం గానీ, ఆ పోస్టును మరోసారి చూడండి. అందులో చదవడానికి ఏమీ లేదు. కొనడానికి దారీ లేదు. అభినందనలు చెప్పడం తప్ప పాఠకుడు చేయగలిగిన పని అందులో ఏదీ లేదు. ఈ రెండు లోటులూ తీర్చడానికి రూపాయి ఖర్చు లేదు.

మొదట చదివించండి. మీ కథల సంపుటిలో, నీటి వంతు కోసం అర్ధరాత్రి కాలువ గట్టు మీద ఇద్దరు అన్నదమ్ములు వాదులాడుకునే పేజీ ఒకటి ఉందనుకోండి. సరిగ్గా పెద్దవాడు పార మీద చేయి వేసిన చోట ఆపి, అంతవరకూ పోస్టు చేయండి. ఫేస్‌బుక్ పోస్టులో మొదటి నాలుగైదు లైన్లే కనబడతాయి, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. కాబట్టి ఆ పైలైన్లలో పలకరింపులు వద్దు, కథే ఉండాలి. పుస్తకం పేరు, ధర, ఫోన్ నంబరు చివర్న రాస్తే చాలు. వారానికి ఇలాంటి ముక్క ఒక్కటి పెట్టినా, మూడు నెలల్లో మీ శైలి ఏమిటో కొత్తవాళ్ళకి తెలిసిపోతుంది. పుస్తకమంతా ఊరికే చదివేస్తారన్న భయం అక్కర్లేదు. పన్నెండు పేజీలు చదివి బాగుందనుకున్నవాడే మిగతా పేజీలు కొంటాడు.

ఇక్కడ చాలామందికి ఒక అడ్డంకి తగులుతుంది. డీటీపీ చేసినవాళ్ళు యూనికోడ్ కాని అను ఫాంట్లలో కంపోజ్ చేసి ఉంటే, ఆ ఫైలులోంచి కాపీ చేసింది ఫేస్‌బుక్‌లో పిచ్చి గీతలుగా పడుతుంది. అందుకని పేజీని ఫొటో తీసి పెట్టేస్తుంటారు. ఫొటోలోని అక్షరాలు చిన్న ఫోన్లలో ఆనవు, వెతికితే సరిగా దొరకవు. ప్రూఫులు పూర్తయిన రోజే తుది ప్రతిని యూనికోడ్‌లోకి మార్చి ఇమ్మని అడిగి తీసుకోండి. ఏడాది పొడుగునా మీకు అక్కరకొచ్చే సరుకు అదే. ఇంకొకటి: తెలుగు పుస్తకాల్ని ఇంగ్లీషు అక్షరాల్లో వెతికేవాళ్ళు చాలామంది ఉన్నారు. పోస్టు చివర పుస్తకం పేరూ మీ పేరూ ఆ లిపిలో కూడా రాయండి.

ఇక కొనే దారి. ఒకప్పుడు పత్రికలో ప్రకటన చూసి పోస్టుకార్డు రాస్తే, వీపీపీలో పుస్తకం ఇంటికొచ్చేది. ఇప్పుడు ఆ పోస్టుకార్డు పని వాట్సాప్ చేస్తుంది. ధర ఎంతని అడిగినవాళ్ళకి 'ఇన్‌బాక్స్ చూడండి' అని జవాబిస్తే సగంమంది అక్కడే ఆగిపోతారు. తపాలా ఖర్చు కలిపి ఒకే అంకె చెప్పండి. యూపీఐ ఉన్న నంబరే వాట్సాప్ నంబరు కూడా అయితే మేలు. వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితం. 'ధర ఇంత, ఈ నంబరుకి పంపండి, పిన్‌కోడ్‌తో చిరునామా ఇవ్వండి' అన్న జవాబు అందులో దాచుకుంటే, ఎవరడిగినా నిమిషంలో పంపొచ్చు.

తపాలా సంగతి ముందే తేల్చుకోండి. పుస్తకాల కోసం తపాలా శాఖ 2025 మేలో జ్ఞాన్ పోస్ట్ మొదలుపెట్టింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, పన్ను అదనం, ట్రాకింగ్ ఉంటుంది. డెమ్మీ సైజులో 150 పేజీల పుస్తకం ఆ బరువు లోపే తూగుతుంది. నేలమీదుగానే వెళ్తుంది కాబట్టి కాస్త ఆలస్యమవుతుంది. వాణిజ్య ప్రచురణలకి వర్తించదనే నిబంధన ఉంది, కనుక మీ పుస్తకం తీసుకుంటారో లేదో ఒక కాపీ పట్టుకెళ్ళి కౌంటర్లో అడిగాకే ధర ప్రకటించండి.

కొన్న ప్రతివాళ్ళ పేరు, ఊరు, నంబరు ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఫేస్‌బుక్ మీ పోస్టు ఎవరికి చూపించాలో తనే తేల్చుకుంటుంది, ఈ జాబితా మాత్రం మీ చేతిలో ఉంటుంది. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందిని చేర్చవచ్చు, కానీ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే సందేశం చేరుతుంది. అందుకే ప్రతి కాపీలో ఒక చీటీ పెట్టి నంబరు సేవ్ చేసుకోమనీ, చదివాక నచ్చినా నచ్చకపోయినా రెండు మాటలు రాయమనీ అడగండి. అడక్కుండా గ్రూపుల్లో చేర్చడం మాత్రం వద్దు. విసుగొచ్చిన పాఠకుడు మళ్ళీ దొరకడు.

డబ్బు కడితే పోస్టును ఇంకొంతమందికి చూపించే ఫేస్‌బుక్ బూస్ట్ బటన్ జోలికి వెళ్ళొద్దని నా గట్టి సలహా. దానివల్ల పెరిగేవి ఎక్కువగా లైకులే. దానికి పెట్టే వెయ్యి రూపాయలతో అయిదారు కాపీలు, పుస్తకాల గురించి నిజంగా చదివి రాసేవాళ్ళకి పంపండి. పేరున్నవాళ్ళకే పంపాలని లేదు. మీ కథల్లోని ప్రాంతం తెలిసిన ఒక టీచరు, తన వాట్సాప్ గ్రూపులో రాసే నాలుగు వాక్యాలకి ఎక్కువ బలం ఉంటుంది.

వీడియో చేయగలిగితే మీ గొంతుతో, మీ యాసలో రెండు నిమిషాలు చదవండి. కొన్ని వందలకే దొరికే కాలర్ మైకు చాలు. వెనక సినిమా పాట పెట్టొద్దు, కాపీరైటు తగాదా రావచ్చు. కాస్త వయసొచ్చిన పాఠకులు ఫేస్‌బుక్‌లో, కుర్రవాళ్ళు ఇన్‌స్టాలో ఎక్కువ. మీ పుస్తకం ఎవరికోసమో చూసుకుని ఒక్కచోటే నిలకడగా ఉండండి.

అమెరికా పాఠకులకి ఇక్కణ్ణుంచి ఒక్కో కాపీ పంపితే తపాలా ఖర్చు పుస్తకం ధరను మించిపోతుంది. అక్కడికి వెళ్ళేవాళ్ళ సూట్‌కేసులో పది కాపీలు పంపి ఒక మిత్రుడి ఇంట్లో ఉంచితే, పుస్తకాలకున్న చవక రేటు మీడియా మెయిల్‌లో ఆయన పంపగలడు. వాళ్ళకోసం పెట్టే పోస్టు మన రాత్రి ఏడెనిమిదికి పెట్టండి, అక్కడ తెల్లవారి ఉంటుంది.

డిసెంబరులో హైదరాబాదు, జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనలు వస్తాయి. 'అక్కడే కొంటాం' అన్నవాళ్ళ పేర్లు ముందునుంచీ విడిగా రాసిపెట్టుకుని, స్టాలు నంబరు తెలిసిన రోజు వాళ్ళకి విడివిడిగా మెసేజ్ పెట్టండి. మీరు ఏ సాయంత్రం స్టాల్లో ఉంటారో కూడా అందులో రాయండి.