బర్రె ఒంటి నిగారింపు మేతలోనే కలదు
(నార్కట్‌పల్లి ప్రాంతపు పాడి రైతులకు)



సంతలో బర్రెను బేరమాడునపుడు మీరు మొదట పొదుగు చూతురు, తరువాత పండ్లు పట్టి చూతురు, ఆ పిదప ఒంటిమీద అరచేయి వేసి నిమురుదురు. ఆ నిమురుట ఊరక చేయు పని కాదు. వెంట్రుక మెత్తగా, నల్లగా, చర్మమునకు అంటుకొని ఉన్నచో, చర్మమును వేళ్ల మధ్య పట్టి విడువగానే అది వెంటనే సర్దుకొన్నచో, ఆ పశువు మంచి మేత తిన్నదని మీకు తెలియును. అదే బర్రె మీ కొట్టమునకు వచ్చి ఏడాది గడచిన పిమ్మట వెంట్రుక గరుకుబారి, నలుపు విరిగి, తుప్పు రంగునకు దిగినచో మాత్రము ఎండదెబ్బ అనియో, దిష్టి అనియో సరిపెట్టుకొందురు. కొందరు వేపనూనె రాయుదురు. అందువలన పెద్ద నష్టము లేదు. మరికొందరు కాలిన ఇంజను నూనె పూయుదురు. అది ఎంతమాత్రము చేయరాదు. పశువు ఆ నూనెను నాకును, అది దాని కడుపులోనికి విషముగా పోవును.

పైన పూయునది ఏదైనను వెంట్రుకను పెంచజాలదు. వెంట్రుక లోపలినుండి వచ్చునది. అది చాలవరకు మాంసకృత్తులతో తయారగును. దానికి రంగు రాగివలన, చర్మమునకు గట్టిదనము జింకువలన, పైపొర మృదుత్వము విటమిన్ ‘ఎ’వలనను, కొద్దిపాటి నూనెవలనను వచ్చును. ఇందులో ఏది తగ్గినను మొదట ఒంటిమీదనే కనిపించును. పాలు తగ్గుట, ఎదకు రాకపోవుట ఆ తరువాతి మాట.

మొదట చూడవలసినవి

ఒంటి నలుపు విరిగిన ప్రతి బర్రెకు మేత లోపమే అనుకొనరాదు. దూడలు పుట్టునపుడు గోధుమరంగు వెంట్రుకతోనే పుట్టును, అది సహజము. నాటు బర్రెలలో బూడిద రంగువి, ఎరుపు జీరవి కలవు. ముర్రా జాతి బర్రెకు ఉండు నలుపును వాటిలో వెదకరాదు. ముసలి బర్రెకు వెంట్రుక పలుచబడును. కనుక ఇతర బర్రెలతో పోల్చక, అదే బర్రె నిరుడు ఎట్లుండెనో జ్ఞప్తికి తెచ్చుకొని పోల్చవలెను.

తరువాత మెడ క్రింద, చెవుల వెనుక, తోక మొదట వెంట్రుకలు పాయదీసి పేలు, గోమార్లు ఉన్నవేమో చూడవలెను. గజ్జి ఉన్నచో పశువు గుంజకు, గోడకు ఒళ్లు రుద్దుకొనుచుండును. గుండ్రని పొడి మచ్చలు తామరకు గుర్తు. కడుపులో నట్టలు ఉన్నచో ఎంత మేపినను ఒంటికి పట్టదు. ఇవి ఉన్నచో పశువైద్యుని సలహాతో మందు వేయించి, ఆ పిదప మేత సంగతి చూడవలెను. నట్టలున్న బర్రెకు ఖనిజ మిశ్రమము కొని పెట్టుట చిల్లుకుండలో నీరు పోయుటయే.

బూజు పట్టిన గడ్డిని గూర్చి కూడ ఒక మాట. వానకు తడిసి కుప్పలోనే మురిగిన వరిగడ్డి మేపిన బర్రెలకు చెవి కొనలు, తోక కొన, కాళ్ల చివరలు ఎండి నల్లబడి కుళ్లిపోవు వ్యాధి కలదు. దీనిని డెగ్నాలా వ్యాధి అందురు. ఇట్టి గుర్తు కనిపించిన వెంటనే ఆ గడ్డి ఆపి, డాక్టరును పిలువవలెను.

రాగి లోపము

పై కారణములేవియు లేకయే బర్రె నలుపు విరిగినదనుకొనుడు. అప్పుడు కండ్ల చుట్టు ఉన్న వెంట్రుకను చూడుడు. అచ్చట కండ్లజోడు పెట్టినట్లు రంగు వెలిసి కనిపించినచో, చెవుల అంచులలోను తొడలమీదను ఎరుపు తిరిగినచో, రాగి లోపమును శంకింపవలెను. నలుపునిచ్చు పదార్థము శరీరములో తయారగుటకు రాగి లేనిదే సాగదు. రాగి తగ్గిన పశువులో రక్తము పలుచబడును, దూడలు సరిగా ఎదుగవు, ఎద సకాలములో రాదు. ఆస్ట్రేలియాలో గొర్రెల ఉన్ని తన సహజమైన ముడతలు పోయి ఉక్కు తీగవలె నిటారుగా పెరుగుట చూచి అచ్చటి శాస్త్రజ్ఞులు రాగి లోపమును గుర్తించిరి.

మన ప్రాంతములో ఇంకొక చిక్కు కలదు. మేతలో రాగి ఉన్నను అది పశువు రక్తములోనికి చేరక పోవచ్చును. దానికి కారణము మాలిబ్డినము అను లోహము. నెమరువేయు పశువు మొదటి పొట్టలో మాలిబ్డినము, గంధకము కలసి రాగిని పట్టి బంధించును. ఆ రాగి పేడతో బయటికి పోవును. ఇంగ్లండులోని సోమర్‌సెట్ ప్రాంతములో కొన్ని పచ్చిక బయళ్లపై మేసిన ఆవులు పారుకొని, చిక్కి, వెంట్రుక వెలిసిపోవుచుండెను. ఆ గడ్డిలో మాలిబ్డినము హెచ్చుగా ఉండుటయే కారణమని 1938లో ఫెర్గుసన్, లూయిస్, వాట్సన్ అను వారు ప్రకటించిరి. రాగి ఇచ్చిన పిదప ఆ ఆవులు కోలుకొన్నవి.

నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడు గ్రామములందు పిల్లలకు మోకాళ్లు లోపలికి వంగు వ్యాధిని గూర్చి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి 1973లో ప్రకటించిరి. అట్టి ప్రాంతములలో పండిన జొన్నలను ఆ సంస్థవారు పరీక్షింపగా మాలిబ్డినము హెచ్చుగా ఉన్నట్లు తేలినది. నాగార్జునసాగరు కాలువలకు 1967లో నీరు విడిచిన పిదప భూగర్భజలము పైకి వచ్చి, నేలలో క్షారగుణము పెరిగి, జొన్న మాలిబ్డినమును ఎక్కువగా పీల్చుకొని ఉండునని అప్పుడు కొందరు శాస్త్రజ్ఞులు తలచిరి. అది మనుషుల సంగతి, బర్రెల సంగతి కాదు. దానినిబట్టి నార్కట్‌పల్లి చుట్టుగల ప్రతి చెలకలోను మాలిబ్డినము హెచ్చని చెప్పరాదు. కాని చౌడు తగిలిన నేలలో, ఊట నిలుచు నేలలో పెరిగిన చొప్ప, గడ్డి మేయు బర్రెకు నలుపు విరిగినచో ఈ సంగతి మరువరాదు.

ఫ్లోరైడు మాట వచ్చినది కనుక దానిని కూడ ఇచ్చటనే చెప్పుట మంచిది. మన దేశములో మనుషుల ఫ్లోరైడు వ్యాధిని 1937లో నెల్లూరు జిల్లాలో గుర్తించిరి. ఫ్లోరైడు నీరు త్రాగిన పశువు పండ్లు మచ్చలు పడి, వంకరగా అరిగి, మేతను సరిగా నమలలేదు. నమలని మేత ఒంటికి పట్టదు, ఒంటి నిగారింపు పోవును. ఇంటిలో కృష్ణా నీరు త్రాగుచు కొట్టములోని తొట్టికి మాత్రము పాత బోరు నీరే వదలు రైతులు కలరు. వీలున్నచోట పాలిచ్చు బర్రెకు, దూడకు కూడ మంచి నీరే పెట్టవలెను.

జింకు, విటమిన్ ‘ఎ’, మాంసకృత్తులు

వరి ఆకుపై తుప్పు మచ్చలు చూచి జింకు సల్ఫేటు చల్లు రైతుకు జింకు లోపము క్రొత్త సంగతి కాదు. జింకు లేని మడిలో పండిన గడ్డిలోను జింకు తక్కువే. అట్టి గడ్డి మీదనే బ్రతుకు బర్రెకు ముట్టె చుట్టు, చెవులమీద, చనుమొనలమీద, కాళ్ల కీళ్లవద్ద చర్మము దళసరియై పగుళ్లు వచ్చును. చిన్న గాయము కూడ త్వరగా మానదు.

ఎండిన గడ్డిలో విటమిన్ ‘ఎ’కు మూలమైన పదార్థము దాదాపు ఉండదు. పచ్చిమేత దొరకిన దినములలో కాలేయములో దాచుకొన్నదానితో బర్రె కొన్ని నెలలు నెట్టుకొని వచ్చును. నిల్వ తీరిన పిదప, అనగా రోహిణి కార్తె నాటికి, ఒంటిమీద చుండ్రువలె పొట్టు రాలును, రేచీకటి వచ్చును. మాపటివేళ బర్రె గుంజను తగిలి తొట్రుపడుచున్నచో కండ్లలో మందు వేయుటకంటె ముందు పచ్చిమేత సంగతి ఆలోచింపవలెను.

వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్లకు మించవు. జొన్న చొప్ప దానికంటె మేలు. మన చెలకలలో జొన్న తగ్గి పత్తి పెరిగినప్పటినుండి చొప్ప కరువై బర్రెలు వరిగడ్డికి దిగినవి. ఒంటి గరుకుతనమునకు ఈ మార్పు కూడ ఒక ముఖ్య కారణమని నా అభిప్రాయము.

ఏమి మేపవలెను

పాలిచ్చు బర్రెకు దినమునకు పదిహేను ఇరవై కిలోల పచ్చిమేత ఉన్న మంచిది. అంత లేనివారు అయిదు కిలోలకైనను తగ్గరాదు. బోరు క్రింద పది గుంటలు నేపియరు గడ్డికి, నాలుగు గుంటలు దశరథ గడ్డికి విడిచినచో ఒకటి రెండు బర్రెలకు ఆసరాగా నుండును. గట్లమీద అవిశె చెట్లు పెట్టుకొనవచ్చును. లేత జొన్న పైరును, ముఖ్యముగా వానలేక వాడినదానిని, కోసి వేయరాదు. అది విషమై గంటలలో పశువును చంపును.

వరిగడ్డి తప్పనివారు దానికి యూరియా పట్టించవలెను. నూరు కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియాను యాభై అరవై లీటర్ల నీటిలో పూర్తిగా కరగించి, పొరలు పొరలుగా చల్లి, త్రొక్కి, గాలి చొరకుండ పట్టాతో మూడు వారములు కప్పి ఉంచవలెను. తీసిన గడ్డిని కొంతసేపు ఆరబెట్టి మేపవలెను. ఆరు నెలల లోపు దూడలకు దీనిని పెట్టరాదు. కరగిన యూరియా నీటిని పశువులు త్రాగకుండ చూచుకొనవలెను.

దాణాలో పత్తి చెక్కగాని, పల్లి చెక్కగాని, తవుడుగాని ఉండుటచే కొంత నూనె చేరును. అదియే చాలును. నిగారింపు కొరకని విడిగా గ్లాసుల కొలది నూనె త్రాగించినచో మొదటి పొట్టలో నార అరుగుదల చెడును. బూజుపట్టిన పల్లి చెక్క ఎంత చవుకగా వచ్చినను కొనరాదు.

ఇక ఖనిజ మిశ్రమము. పాలిచ్చు బర్రెకు దినమునకు 50 గ్రాములు, వట్టిపోయిన బర్రెకు 30 గ్రాములు, దూడకు 15 నుండి 20 గ్రాములు దాణాలో కలిపి పెట్టవలెను. కుడితి తొట్టిలో వేసినచో అడుగున పేరుకొనిపోవును. సంచిపై రాగి, జింకు ఎంత శాతమున్నదో చదువుడు. బర్రెకు తినిన ఎండు పదార్థములో కిలో ఒక్కింటికి సుమారు 10 మిల్లీగ్రాముల రాగి కావలెను. 12 కిలోల ఎండు పదార్థము తిను బర్రెకు 120 మిల్లీగ్రాములు. సంచిపై రాగి 0.10 శాతమని ఉన్నచో 50 గ్రాములలో 50 మిల్లీగ్రాములు వచ్చును, మిగిలినది మేతనుండి రావలెను. అందుచేత మిశ్రమము పెట్టుచున్నాము గదా అని పచ్చిమేత మానరాదు. భారతీయ ప్రమాణముల గుర్తు లేని సరుకు కొనరాదు. ఫ్లోరైడు తీయని రాతి ఫాస్ఫేటుతో చేసిన మిశ్రమము మన జిల్లాకు మరింత చేటు.

ఇంటిలో ఉన్న మైలుతుత్తము రాగియే గదా అని చిటికెడు కుడితిలో వేయుట కొన్నిచోట్ల కలదు. ఆ పని చేయవద్దు. చిటికెడు ఒకరి చేతిలో ఒకటి, మరియొకరి చేతిలో నాలుగు. మైలుతుత్తము ఇయ్యవలసినచో డాక్టరు తూచి చెప్పిన మోతాదులోనే ఇయ్యవలెను.

గొర్రెలున్నవారు జాగ్రత్త

ఈ వ్యాసములో తక్కినదంతయు మరచినను ఇది మరువరాదు. బర్రెల ఖనిజ మిశ్రమమును, బర్రెల దాణాను గొర్రెలకు పెట్టరాదు. గొర్రె కాలేయము రాగిని విడువక కూడబెట్టును. వారములు, నెలలు ఏ గుర్తును కనిపించదు. గొర్రె బాగుగనే మేయుచుండును. ఒకనాడు ఎండకో, దూర ప్రయాణమునకో, పశువుల లారీ కుదుపునకో ఆ రాగి ఒక్కసారిగా రక్తములోనికి దిగును. కండ్లు, చిగుళ్లు పచ్చబడును, మూత్రము ఎర్రగా నల్లగా వచ్చును, ఒకటి రెండు దినములలో చచ్చును. అప్పుడు చేయగలది స్వల్పము. ఒకే కొట్టములో బర్రెలు, గొర్రెలు కట్టు ఇండ్లలో తొట్లు వేరుగా ఉంచి, బర్రె వదలిన దాణాను గొర్రెలు నాకకుండ చూడవలెను. గొర్రెలకు వాటికని చేసిన మిశ్రమమే కొనవలెను.

సుబాబుల్, గుర్రములు

సుబాబుల్ ఆకు మంచి మేతయే కాని అందులో వెంట్రుక రాల్చు పదార్థము కలదు. పచ్చిమేతలో మూడవ వంతునకు మించనీయరాదు. పెండ్లి ఊరేగింపులకు గుర్రమును పోషించువారు మన వైపు ఇప్పటికిని అచ్చటచ్చట కలరు. వారు దీనిని బొత్తిగా మానవలెను, లేనిచో జూలు, తోక ఊడిపోవును. గుర్రమునకు నెమరు పొట్ట లేదు కనుక మాలిబ్డినపు చిక్కు దానికి అంతగా లేదు. నానబెట్టి ఉడికించిన ఉలవలు, ఉడికించిన అవిసె గింజలు గుప్పెడు, శుభ్రమైన పచ్చిగడ్డి, నాకుటకు ఉప్పుగడ్డ ఉన్నచో దాని ఒళ్లు నిగనిగలాడును. యూరియా పట్టించిన గడ్డిని గుర్రమునకు పెట్టరాదు. మోనెన్సిన్ కలిపిన పశువుల దాణా గుర్రము గుండెను ఆపును.

ఫలితము ఎట్లు తెలియును

పాత వెంట్రుక రంగు మారదు, క్రొత్తగా మొలచు వెంట్రుకలోనే మార్పు కనిపించును. కావున పది దినములకే ఫలితము లేదని మానివేయవద్దు. మేత మార్చిన నాడు తుంటిమీద అరచేయంత మేర వెంట్రుక కత్తిరించి గుర్తు పెట్టుకొనుడు. సంక్రాంతికి కత్తిరించినచో హోళీ నాటికి చూడవచ్చును. అచ్చట మొలచినది నల్లగా, మెత్తగా ఉన్నచో మేత పట్టినదన్నమాట. అప్పటికిని ఎరుపుగనే ఉన్నచో బర్రెను మండల పశువైద్యశాలకు తోలుకొనిపోయి, రాగి ప్రమాణము చూచుటకు రక్తము తీయించుమని అడుగుడు. పోవునపుడు ఖనిజ మిశ్రమము సంచిని కూడ వెంట తీసికొనిపోవలెను.