విదేశీ సేవకు ముందు పంపే సంఘం, బోధనలో శిక్షణ

ప్రశ్న: డిగ్రీ, బీఎడ్ చదివాను. మిషనరీగా విదేశాలకు వెళ్లి ఇంగ్లిష్ బోధించాలని ఉంది. ఎలా సిద్ధపడాలి?
– ఓ సోదరి, ఉస్మాన్‌గంజ్, హైదరాబాద్

జవాబు: మంచి సంకల్పం, అమ్మా. 1903లో తెలుగు బాప్టిస్టులు జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు, అక్కడి తెలుగు కూలీల మధ్య సేవకు పంపారు. ఆయన్ని పంపింది ఓ సంఘమే; మీరూ ఒంటరిగా బయల్దేరకండి. ముందు మీ పాస్టరు గారితో మాట్లాడండి. పంపే సంఘం, ఖర్చులు, ఆరోగ్య బీమా తేల్చుకోండి. తార్నాకలోని ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లో ఇంగ్లిష్ బోధనలో శిక్షణ దొరుకుతుంది. సర్టిఫికెట్లకు అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేందుకు వేసే ధ్రువీకరణ), పాస్‌పోర్ట్ ఆఫీసు నుంచి పోలీస్ క్లియరెన్స్ తీసుకోండి. టీచర్ వీసా వేరు, మత సేవకుల వీసా వేరు. కొన్ని దేశాల్లో మత ప్రచారం నేరం. వెళ్లే పనిని దాచకండి. తరగతిలో పాఠం మాత్రం నిజాయితీగా, పూర్తిగా చెప్పండి.